అత్తగారి గింజల మూటల్లో ఏది పంట, ఏది కలుపు?

ప్రశ్న: మాది మడకశిర దగ్గర పల్లె. పిల్లల ఉద్యోగాల వల్ల బెంగళూరు వచ్చి యలహంకలో స్థిరపడ్డాం. మా అత్తగారు ఏటా తన విత్తనం తానే దాచుకునేవారు. ఆమె పోయాక ఊళ్లో ఇల్లు సర్దుతుంటే రాగులు, ఆవాలు, తోటకూర, అనపలు, మిరప విత్తనాలు మూటల్లో, డబ్బాల్లో దొరికాయి. కొన్నింటిలో ఏవో వేరే గింజలు కలిసి ఉన్నాయి. కిందటి ఏడాది తోటకూర అనుకుని మిద్దె తోటలో చల్లితే సగం ముళ్ల తోటకూర వచ్చింది. ‘నల్లవి కలుపు, లేత రంగువి పంట, ఏరి పారేయండి’ అని పక్కింటావిడ అంటున్నారు. ఫోన్‌లో ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్ ఒకే గింజకు మూడు పేర్లు చెబుతోంది. ఈ వానాకాలం ఊళ్లో అర ఎకరంలో ఆ రాగులే వేయాలని ఉంది. గింజను చూసి గుర్తుపట్టడం నాలాంటివారు నేర్చుకోగలరా?
– ఒక పాఠకురాలు, యలహంక

సమాధానం:

నేర్చుకోగలరు అమ్మా. ఓపిక, పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే మీ మూటల్లోని చాలా గింజలను మీరే పోల్చుకుంటారు. కొన్నింటిని మాత్రం ఎంతటి నిపుణులైనా కంటితో విడదీయలేరు. అవేవో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. వివరాల్లోకి వెళ్లే ముందు రెండు జాగ్రత్తలు. ఆ మూటలోని ఆవాలను పోపులో వేయకండి. మిరప విత్తనాల డబ్బాను పిల్లలకు అందకుండా పెట్టండి, అందులోని గింజను దేన్నీ కొరికి చూడకండి. కారణం ఆయా గింజల దగ్గర చెబుతాను.

పక్కింటావిడ చెప్పిన మాటకు కొంత ఆధారం ఉంది. మనిషి సాగులోకి తెచ్చుకున్న చాలా పంటల్లో గింజ పెద్దదైంది, పైతోలు పలచబడింది, రంగు తేలికైంది, పండగానే రాలిపోయే గుణం తగ్గింది, చల్లిన గింజలన్నీ ఇంచుమించు ఒకేసారి మొలిచే లక్షణం వచ్చింది. రాజగిరా పేరుతో అమ్మే గింజ తోటకూరలో ఇది బాగా కనిపిస్తుంది. సాగు రకాల గింజ ఎక్కువగా పాలిపోయిన తెలుపు, వాటి అడవి బంధువులది నిగనిగలాడే నలుపు. కానీ ఆకు కోసం మనం పెంచే తోటకూర గింజ నల్లగానే ఉంటుంది. నల్ల నువ్వులు, మినుములు, గడ్డినువ్వులు అన్నీ నల్లనివే, అన్నీ పంటలే. ఆ సూత్రం పట్టుకుని ఏరితే మీ అత్తగారు దాచిన తోటకూర విత్తనం మొత్తం పోతుంది. పైగా ఒకే మొక్క గింజ కూడా ఎప్పుడూ ఒకే రంగులో ఉండదు. ముదరకముందు కోసినది ఒక రంగు, చెట్టు మీదే పండినది ఒక రంగు, కల్లంలో వానకు తడిసినది మరో రంగు. అందుకే రంగును అన్నిటికన్నా చివర చూడండి.

పరిమాణం కూడా మీ మూటల విషయంలో పెద్దగా సాయపడదు. ఎందుకో ఆలోచించండి. మీ అత్తగారు ఆ గింజను తూర్పారబట్టి, చేటలో చెరిగి, జల్లెడ పట్టి దాచి ఉంటారు. తేలికపాటి కలుపు గింజ గాలికి పోయింది. సన్నది జల్లెడ కన్నాల్లోంచి దిగిపోయింది. పెద్దది పైన మిగిలితే ఆమె ఏరేశారు. ఇన్ని దాటుకుని మూటలోకి చేరిన కలుపు గింజ బరువులోనూ పరిమాణంలోనూ పంట గింజకు సరిసమానమైనదే అయి ఉంటుంది. రైతు చేట వేల ఏళ్లుగా, ఎవరూ అనుకోకుండానే, పంటను పోలిన కలుపును ఎంచి మరుసటి ఏటికి అందిస్తూ వచ్చింది. రష్యా వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ఈ సంగతిని లోతుగా గమనించాడు. గోధుమ, బార్లీ చేలల్లో కలుపుగా పెరిగిన రై, ఓట్స్ కాలక్రమంలో తామే పంటలయ్యాయని వివరించాడు. కాబట్టి మూటలో దాగిన గింజను పట్టుకోవాలంటే చేటకు తెలియనివి మీరు చూడాలి. అవి మూడు: పైతోలు మీద ఉండే గీతలు, గుంటలు, గరుకు; మొక్క నుంచి ఊడిన చోట మిగిలిన మచ్చ; గింజను కోస్తే కనిపించే లోపలి అమరిక.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం, మిల్లీమీటరు గళ్లున్న గ్రాఫ్ కాగితం, సూది, పాత బ్లేడు చాలు. నగల పనివారు వాడే లెన్స్ చిక్‌పేట, నగరత్‌పేట వైపు పనిముట్ల దుకాణాల్లో అడగండి. పొద్దుటి వెలుగు పక్క నుంచి పడే కిటికీ దగ్గర కూర్చోండి. నెత్తి మీది ట్యూబ్‌లైటు వెలుగులో గింజ మీది గుంటలూ గట్లూ కనిపించవు, ఏటవాలు వెలుగులో తేలి కనిపిస్తాయి. లెన్స్‌ను కంటికి ఆనించి గింజను దాని దగ్గరకు తెచ్చుకోవాలి. చాలామంది లెన్స్‌ను గింజ మీద పెట్టి దూరం నుంచి చూసి, ఏమీ కనిపించలేదని వదిలేస్తారు.

మూటను బాగా కలిపి పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తలా కొంచెం తీసుకుని కాగితం మీద పోయండి. పేరు పెట్టే తొందర వద్దు. ముందు ఒకేలా ఉన్నవాటిని ఒక కుప్పగా చేర్చండి. మట్టి, పొట్టు, సగం గింజ కన్నా చిన్న ముక్కలు మరో పక్కకు నెట్టండి. విత్తన పరీక్షాశాలల్లో జరిగేది కూడా ఇదే. అక్కడ కనీసం 2,500 గింజలుండేంత నమూనా తీసుకుని అసలు పంట గింజ, వేరే గింజ, చెత్త అని విడదీసి తూకం వేస్తారు. జర్మనీలోని తారాంట్‌లో ఫ్రెడ్రిక్ నొబ్బె 1869లో తొలి విత్తన పరీక్షాకేంద్రం నెలకొల్పినప్పటి నుంచి ఈ పనిలో కంటికీ భూతద్దానికీ ఉన్న స్థానం తగ్గలేదు.

మొదట ఆవాలు, ఎందుకంటే ప్రాణాలకు సంబంధించిన విషయం. ఆవ చేలల్లో, బంజరుల్లో బ్రహ్మదండి పెరుగుతుంది. పసుపు పూలు, ముళ్లున్న ఆకులు, ఆకుల మీద తెల్లటి ఈనెలు, తుంచితే పసుపు పాలు. మీరు తప్పక చూసి ఉంటారు. దాని గింజ ఆవగింజ అంతే ఉంటుంది, నలుపు కలిసిన గోధుమ రంగు, ఇంచుమించు గుండ్రం. జల్లెడకు దొరకదు. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడి వేలమందికి కాళ్ల వాపులతో కూడిన జబ్బు వచ్చింది, అరవై మందికి పైగా చనిపోయారు. అందులోని సాంగ్వినరిన్ అనే విషపదార్థం గుండెను, రక్తనాళాలను దెబ్బతీస్తుంది.

లెన్స్ కింద ఈ రెండింటికీ పోలికే లేదు. ఆవగింజ నున్నగా, అన్ని వైపులా సమంగా గుండ్రంగా ఉంటుంది. బాగా దగ్గరగా చూస్తే దాని మీదా సన్నటి వల లాంటి అల్లిక ఉంటుంది గానీ వేలికి తగలదు. బ్రహ్మదండి గింజ మీద లోతైన గుంటలు వరుసగా ఉంటాయి, ఒక పక్కన పై నుంచి కింది దాకా గట్టులా ఒక గీత లేచి ఉంటుంది, ఆ గీత చివర చిన్న ముక్కు ఉంటుంది. అనుమానం తీరకపోతే గాజు పలక మీద పెట్టి చెంచాతో నొక్కండి. ఆవగింజ లోపల పసుపు పచ్చని పప్పు, రెండు బద్దలు ఒకదానిలో ఒకటి మడిచి ఉంటాయి. బ్రహ్మదండి లోపల తెల్లగా, నూనెతో ఉంటుంది, బద్దలు కనిపించవు. ఆవాల విత్తన ధ్రువీకరణ నిబంధనల్లో బ్రహ్మదండిని ప్రత్యేకంగా అభ్యంతరకరమైన కలుపుగా పెట్టారు. మీ మూటలో ఒక్కటి కనిపించినా తినడానికి ఆ ఆవాలు వాడకండి. విత్తనం కోసమైతే ఒక్కొక్కటే చూసి గుప్పెడు ఏరుకోండి, మిగతావి పారేయండి. బజారులో ఆవాలు దొరకని ఊరు కాదు బెంగళూరు.

మిరప డబ్బా గురించి. మిరప, వంగ, టమాటా, ఉమ్మెత్త ఒకే కుటుంబం. అందుకే గింజలన్నీ చదునుగా, పోలికతో ఉంటాయి. మిరప గింజకూ ఉమ్మెత్త గింజకూ తేడా చెప్పడం వైద్య విద్యార్థులకు కూడా నేర్పుతారు, విషప్రయోగం కేసుల్లో అవసరమవుతుంది కనుక. మిరప గింజ పలచన, ఇంచుమించు గుండ్రం, లేత పసుపు, పైన నునుపు, అంచు ఒకటే సన్నగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ దానికన్నా కొంచెం పెద్దది, మందం ఎక్కువ, చెవి ఆకారంలో ఒక పక్క లోపలికి వంగి ఉంటుంది, ముదురు పసుపు లేదా గోధుమ రంగు. పైతోలు నిండా చిన్న చిన్న గుంటలు. వంపు తిరిగిన వెలుపలి అంచు రెండు గీతలుగా చీలి కనిపిస్తుంది. బ్లేడుతో చదునుగా కోసి చూస్తే మిరపలో మొలక లోపలికి చుట్టుకుని ఉంటుంది, ఉమ్మెత్తలో దాని కొన మచ్చ దగ్గర బయటికి తిరిగి ఉంటుంది. పల్లెల్లో ‘కారంగా ఉంటే మిరప’ అని నాలుక మీద వేసుకుని చూసేవారున్నారు. అది ఎన్నడూ చేయకండి. ఉమ్మెత్త కొద్దిగా పడినా నోరు ఎండిపోయి, కళ్లు మసకబారి, మతి తప్పుతుంది. పిల్లలకు ప్రాణాపాయం. డబ్బాలో ఒక్క ఉమ్మెత్త గింజ దొరికినా వాటిని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక తోటకూర. మిమ్మల్ని బాధపెట్టిన విషయం ఇదే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. తోటకూర గింజనూ ముళ్ల తోటకూర గింజనూ కంటితో నమ్మకంగా విడదీయలేం. రెండూ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ, రెండూ నల్లగా మెరుస్తూ, రెండు వైపులా ఉబ్బి అంచున పలచబడి ఉంటాయి. కోసి చూసినా రెండింటిలోనూ మధ్య తెల్లటి పిండి, దాని చుట్టూ వలయంలా మొలక. గునుగు గింజ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. కిందటి ఏడాది జరిగినదానికి మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు.

ఆ మూటలోనే సులువుగా దొరికేవీ ఉన్నాయి. గంగవావిలి గింజ తోటకూర కన్నా చిన్నది, మూత్రపిండం ఆకారం, నల్లటి తోలు మీద వరుసలు వరుసలుగా బుడిపెలు. గలిజేరు గింజ కొంచెం పెద్దది, మెరుపు లేని నలుపు, అలలుగా తిరిగే గరుకు గట్లు, ఒక చోట నొక్కు. తోటకూర గింజకు గరుకు ఉండదు కనుక ఈ రెండింటినీ లెన్స్ కింద సూదితో పక్కకు నెట్టేయవచ్చు. ముళ్ల తోటకూర విషయంలో మాత్రం ఒకటే దారి. వెడల్పాటి కుండీలో చిటికెడు చల్లి పెంచండి. కొన్ని వారాల్లో ఆకు కాండానికి అతికే చోట ముళ్లు జంటగా కనిపిస్తాయి. ముల్లు కనిపించిన మొక్కను పూత రాకముందే వేళ్లతో పీకేయండి. ముల్లు లేనివాటిలో మంచి మొక్కలు రెండు మూడు ఎంచి, వాటిని కోయకుండా విత్తనానికి వదిలేయండి. మరుసటి ఏటికి మీ చేతిలో శుభ్రమైన తోటకూర విత్తనం ఉంటుంది. మూటలోని గింజతో గంటలు గడపడం కన్నా ఇది మేలు.

రాగులు మీకు ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రాగి గింజకు వరికున్నట్టు గట్టి ఊక అంటి ఉండదు, కల్లంలోనే ఒట్టి గింజ బయటపడుతుంది. గుండ్రంగా ఉంటుంది, మొలక ఉన్న చోట చిన్న చదును, దాని దగ్గర మచ్చ, లెన్స్ కింద తోలు సన్నటి గరుకు. రంగు తెలుపు నుంచి ఎరుపు, గోధుమ, దాదాపు నలుపు దాకా రకాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ముదురు రాగులను కలుపు అనుకుని ఏరకండి, పాత నాటు రకం కలిసి ఉండవచ్చు. అది కాపాడుకోదగ్గ విత్తనం.

అందులో కలిసేవి ఎక్కువగా గడ్డి గింజలు. ఊద గడ్డి గింజ గట్టి మెరిసే పొట్టులో ఉంటుంది, ఒక వైపు చదును, మరో వైపు ఉబ్బు, కొన మొనదేలి ఉంటుంది. కాగితాన్ని కొంచెం వంచి తట్టితే గుండ్రటి రాగులు దొర్లిపోతాయి, చదును వైపు ఆనిన ఊద గింజ నిలిచిపోతుంది. అర కిలో రాగులను ఇలా పళ్లెం వాల్చి శుభ్రం చేయడం పెద్ద పని కాదు. మన అమ్మమ్మలు చేటను పక్కకు వాల్చి తట్టడంలో ఉన్న కిటుకూ ఇదే. రాగి జాతికే చెందిన అడవి గడ్డి ఒకటి ఉంది, బెంగళూరు రోడ్ల పక్కన, ఆటస్థలాల్లో తొక్కినా చావకుండా వేళ్లలా విచ్చుకున్న కంకులతో కనిపిస్తుంది. దాని గింజ సన్నగా, పొడుగ్గా, మూడు పక్కలతో ఉంటుంది, తోలు మీద ఏటవాలుగా ముడతలు తేలి ఉంటాయి. గుండ్రటి రాగి పక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. చేలో మొలిచాక మాత్రం లేత వయసులో రెండింటినీ పోల్చుకోవడం కష్టం. అందుకే గింజ దశలోనే పట్టుకోవడం లాభం.

అనపల దగ్గర మీకు ఇబ్బంది ఉండదు. చలికాలంలో బెంగళూరు సంతల నిండా వచ్చే అవరేకాయలు ఇవే కదా. గింజ ఒక అంచున పొడవునా లేచి ఉండే తెల్లటి గట్టి పట్టీ వేరే ఏ పప్పు గింజకూ అంత స్పష్టంగా ఉండదు. పప్పు జాతుల్లో మచ్చనే నమ్ముకోవాలి, దాన్ని నాభి అంటారు. అలసందకు తెల్లటి నాభి, చాలా రకాల్లో దాని చుట్టూ నల్లటి వలయం. పెసరకు నాభి తోలుతో సమంగా చదునుగా ఉంటుంది, మినుముకు దాని అంచులు పైకి లేచి మధ్య పల్లంగా ఉంటుంది. ఇది తెలిస్తే నల్ల పెసలను మినుములని, పచ్చటి మినుములను పెసలని పొరబడరు. అలాంటి రకాలు రెండూ ఉన్నాయి. పప్పు గింజల్లో కలిసే కలుపులో తగిరస గింజ తేలిక: గోధుమ రంగులో మెరుస్తూ, కొనలు ఏటవాలుగా కోసినట్టు, ఇరుపక్కలా లేత రంగు చార.

ఈ జవాబు చదివే వరి రైతుల కోసం ఒక మాట. వరిలో కలిసే అడవి వరిని పొడుగాటి మీసం, నల్లటి లేదా ఎర్రటి పొట్టు, లోపల ఎర్ర బియ్యం చూసి పోల్చుకుంటారు. కానీ మీసం నూర్పిడిలో విరిగిపోతుంది. అప్పుడు గింజ అడుగు భాగం చూడండి. పండగానే తనంతట తాను రాలే అడవి వరికి అక్కడి మచ్చ నున్నగా, గుండ్రంగా ఉంటుంది. నూర్చి రాల్చిన సాగు వరికి సాధారణంగా అక్కడ చిరిగి గరుకుగా ఉంటుంది. వేల ఏళ్ల నాటి తవ్వకాల్లో దొరికిన బొగ్గులాంటి వడ్లు సాగువా, అడవివా అని పురావస్తు శాస్త్రవేత్తలు తేల్చేది కూడా ఈ మచ్చను చూసే. మన దేశంలో ధ్రువీకరించిన వరి విత్తనంలో 98 శాతం అసలు గింజ ఉండాలి, అడవి వరి కిలోకు 5 గింజలు మించకూడదు. ఇంత కఠినంగా పెట్టింది చేలో మొలిచాక దాన్ని పట్టుకోవడం చాలా కష్టం కనుకే.

పైతోలు గరుకు ఎంత పనికొస్తుందో బంగారు తీగను చూస్తే తెలుస్తుంది. పశువుల మేత కోసం వేసే లూసర్న్‌లోనూ, గడ్డినువ్వుల్లోనూ ఇది పెద్ద బెడద. ఆకు లేకుండా పసుపు దారాల్లా పంటను చుట్టి రసం పీల్చేస్తుంది. లూసర్న్ గింజ నునుపు, బంగారు తీగ గింజ గరుకు. యంత్రాల్లో ఈ మిశ్రమానికి సన్నటి ఇనుప పొడి కలుపుతారు. పొడి గరుకు గింజకే పట్టుకుంటుంది, నున్నటి గింజకు అంటదు. అప్పుడు అయస్కాంతంతో కలుపును మాత్రమే లాగేస్తారు. కన్నుకు అందనంత చిన్న తేడా మీద నడిచే పద్ధతి ఇది.

మరులమాతంగి, పల్లేరు, ఉత్తరేణి, గడ్డిచామంతి లాంటివాటి గురించి ఎక్కువ చెప్పను. కొక్కేలు, ముళ్లు, దూది కుచ్చులు చూస్తేనే తెలిసిపోతాయి. వయ్యారిభామ గింజ మాత్రం గుర్తుంచుకోండి: రెండు మిల్లీమీటర్లు, నల్లగా చదునుగా, కింద సన్నబడి, ఇరుపక్కలా రెండు లేత రంగు తునకలు అతికి ఉంటాయి. యలహంక చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో దాన్ని చూడని రోజు ఉండదు. దాన్ని అదుపు చేయడానికి మెక్సికో నుంచి ఆకు తినే పెంకు పురుగును 1983లో తెచ్చింది మీ బెంగళూరుకే.

యాప్ సంగతి. ఆ యాప్‌లు ఎక్కువగా ఆకు, పువ్వు ఫొటోల మీద తయారైనవి. గింజ ఫొటోలో అది ఒక మిల్లీమీటరా, అయిదు మిల్లీమీటర్లా అన్నది కూడా దానికి తెలియదు. అందుకే మూడు పేర్లు చెబుతోంది. దాని మాట మీద ఏ గింజనూ పారేయకండి, ఏ గింజనూ తినకండి.

దానికన్నా నమ్మకమైన సాధనం మీరే తయారు చేసుకోవచ్చు. పేరు తెలిసిన మొక్క నుంచి, అది పంటైనా కలుపైనా, పండిన గింజలు మీ చేతులతో కోసి చిన్న సీసాలో వేసి, మొక్క పేరు, చోటు, తేదీ రాసి అతికించండి. కాయ పొట్టు కూడా కొంచెం అందులోనే ఉంచండి. మడకశిర వెళ్లినప్పుడు పొలం గట్టు మీద పెరిగేవన్నీ ఇలా సేకరించండి, ఎందుకంటే మీ మూటల్లో ఉన్న కలుపు ఆ గట్టు మీదిదే. తెలియని గింజ ఎదురైనప్పుడు సీసాలోని గింజతో పక్కపక్కన పెట్టి చూడటంలో ఉన్న నిశ్చయం ఏ పుస్తకంలోని బొమ్మా ఇవ్వదు. పరీక్షాశాలలో ఏళ్ల తరబడి పనిచేసినవారు కూడా సీసాల అలమర తెరవకుండా కొత్త గింజకు పేరు పెట్టరు. ఊళ్లో పెద్దవారెవరైనా ఉంటే ఆ మొక్కల పేర్లు వారిని అడిగి రాసుకోండి. ఆ పేర్లు వారి తరంతోనే పోతున్నాయి.

మీరు అడగలేదు గానీ, మిద్దె తోటలో మొలిచిన ముళ్ల తోటకూర మొత్తం ఆ మూటలోదేనని నాకు నమ్మకం లేదు. కొన్న ఎర్రమట్టిలో, సరిగా మాగని పశువుల ఎరువులో కలుపు గింజలు పుష్కలంగా ఉంటాయి. పశువు పొట్టలోంచి బయటపడి కూడా మొలిచే గింజలు చాలా ఉన్నాయి. మట్టిలో అవి ఎంతకాలం బతుకుతాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ 1879లో సీసాల్లో కలుపు గింజలు వేసి పాతిపెట్టాడు. 2021లో తీసిన సీసాలోవి కొన్ని మొలిచాయి. కాబట్టి ఈసారి ఒక కుండీలో మట్టి మిశ్రమం మాత్రమే నింపి, ఏ గింజా వేయకుండా, మిగతావాటితో పాటు నీళ్లు పోయండి. అందులో ఏం మొలిచిందో అది మట్టిది. మిగతా కుండీల్లో అదనంగా కనిపించింది విత్తనానిది.

అర ఎకరం రాగి తప్పక వేయండి. ముందు వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి మొలక చూడండి. 75కు తగ్గకుండా మొలిస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు. తగ్గితే విత్తనం మోతాదు పెంచండి, మరీ తక్కువైతే ఆ విత్తనాన్ని కొంచెం చోట మాత్రమే పెంచి కొత్త గింజ చేసుకోండి. వెదజల్లకుండా నారు పోసి వరుసల్లో నాటించండి. అర ఎకరానికి కిలో గింజ సరిపోతుంది, కిలో గింజను పళ్లెంలో వాల్చి ఏరడం మీకు సాధ్యమే. వరుస తప్పి మొలిచినదాన్ని అనుమానించి పీకేయవచ్చు.

ఏరిన కలుపు గింజలను కుండీల ఎరువు బుట్టలో వేయకండి, ఇంటి ఎరువు వేడికి అవి చావవు. మరిగే నీళ్లు పోసి, చల్లారాక పారబోయండి. ఏ కుప్పకూ పేరు దొరకకపోతే కొన్ని గింజలను గ్రాఫ్ కాగితం మీద పరిచి, రెండు వైపులా, మచ్చ కనిపించేలా ఒకటి, అడ్డంగా కోసినది ఒకటి, పక్క వెలుగులో ఫొటోలు తీసి మాకు పంపండి. లేదంటే గింజలనే చిన్న కవర్లలో వేసుకుని బళ్లారి రోడ్డు మీద మీ దారిలోనే ఉన్న జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లండి. విత్తన, కలుపు విభాగాల్లో చూపించండి. ఏ ఊరి నుంచి, ఏ పంటలోంచి, ఏ నెలలో వచ్చిన గింజో కవరు మీద రాసి తీసుకెళితే వారికి సగం పని తగ్గుతుంది.